మూడు పదకొండా, పదకొండు మూడా

మెప్పెల్ అనే డచ్చి ఊళ్ళో ఎవరికి ఎవరు ఎంత కావలసినవాళ్ళో తెలియాలంటే హాల్లో కూర్చుని కాఫీ తాగితే లాభం లేదు. టాయిలెట్‌కి వెళ్ళాలి. తలుపేసుకుని కూర్చోగానే కళ్ళకెదురుగా పుట్టినరోజుల క్యాలెండర్ వేలాడుతూ ఉంటుంది. దాని మీద వారాలుండవు, సంవత్సరం ఉండదు, ఉత్త తేదీలే. అందుకే ఒకసారి కొంటే ఇరవయ్యేళ్ళు చెల్లుతుంది. తేదీ పక్కన నీ పేరు ఉందంటే ఆ ఇంటికి నువ్వు కావలసినదానివి. లేదంటే, ఇందాక హాల్లో ఇచ్చిన కాఫీ, దాంతోపాటు ఇచ్చిన ఆ ఒక్క బిస్కెట్టు, మర్యాదకి ఇచ్చినవి.

ఈ సంగతి రెన్స్కే హోవింగ్‌కి తెలిసినంతగా ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. ఆమెది ఇంటింటికీ తిరిగే పని. సైకిల్ వెనక పెట్టెలో కత్తెరలు, ఆకురాళ్ళు, మడతపెట్టే తొట్టి వేసుకుని వెళ్ళి ముసలివాళ్ళ కాలిగోళ్ళు తీస్తుంది, ఆనెలు గీకుతుంది, మడమల పగుళ్ళకి మందు రాస్తుంది. రోజుకి ఆరిళ్ళు. ఆరిళ్ళలో ఆరు కాఫీలు. ఆరు కాఫీలకి తక్కువలో తక్కువ నాలుగు టాయిలెట్లు. వెళ్ళిన ప్రతిచోటా క్యాలెండర్ ఎత్తి నవంబరు పేజీ చూస్తుంది. ఆ తరవాత, ఎవరూ లేకపోయినా కాస్త సిగ్గుపడుతూ, మార్చి పేజీ చూస్తుంది.

ఆమె ఫోన్లో స్నేహితులు ఆరువందల ఎనిమిది మంది. మెప్పెల్ మొత్తమ్మీద ఆమె పేరున్న టాయిలెట్లు మూడు. ఆ మూడింట్లోనూ తేదీ తప్పు.

ఇంకే ఏడాదైనా ఆమె పట్టించుకునేది కాదేమో. కానీ ఆ ఏడాది నవంబరు మూడుకి ఆమెకి యాభై నిండుతాయి. అక్కడ యాభై నిండిన ఆడమనిషి ఇంటి ముందు తెల్లారేసరికి సారా నిలబడి ఉండాలి. మనవాళ్ళు తాగే సారా కాదు. గడ్డో, పాత పేపర్లో కూరి, గౌను తొడిగి, జుట్టుకి ఊలు అతికించి, మెడలో ‘50’ అని అట్ట తగిలించిన నిలువెత్తు ముసలమ్మ బొమ్మ. వీధిలో పోయేవాళ్ళందరూ చూసి నవ్వుకోవాలి. చుట్టుపక్కల వాళ్ళు కిటికీలోంచి ‘ఓహో, ఈవిడకి అప్పుడే యాభయ్యా’ అనుకోవాలి. దీనికో పద్ధతుంది. ఎవరి బొమ్మ వాళ్ళు పెట్టుకోకూడదు. ఒకర్ని అడిగి పెట్టించుకోకూడదు. ఎవరో ఒకరు రోజు గుర్తుపెట్టుకుని, నువ్వు లేవకముందే వచ్చి నిలబెట్టి పోవాలి.

గుర్తుపెట్టుకోవాలంటే ముందు తెలిసి ఉండాలి కదా. రెన్స్కే పుట్టినరోజు మెప్పెల్‌లో ఎవరికీ తెలియదు. ఆ ఘనకార్యం స్వయంగా రెన్స్కేదే.

రెండువేల ఆరులో ఆమె ఆసెన్‌లో ఉండేది. అప్పటికింకా మొగుడున్నాడు, మెట్ల కింద కంప్యూటరు ఉంది. హైవ్స్ అని డచ్చివాళ్ళు సొంతంగా పెట్టుకున్న సైటులో ఊరందరికీ తలా ఒక పేజీ ఉండేది. ఎవరి పేజీ వాళ్ళు పెళ్ళిపందిరిలా అలంకరించుకునేవాళ్ళు. రెన్స్కే పేజీలో వెనకంతా ట్యూలిప్ పూలు, వాటి మీద మెరుపులు, తెరవగానే అడక్కుండా మోగే పాట. ఆ పాట మోగిన ప్రతిసారీ వాళ్ళమ్మ వంటింట్లోంచి “ఎవరొచ్చారే?” అని అరిచేది. ఎవరైనా వచ్చి నీ పేజీలో నాలుగు మాటలు రాసిపోతే దాన్ని ‘క్రాబల్’ అనేవాళ్ళు. అంటే గీకుడు. ఆనెలు గీకే మనిషికి ఆ మాట తెగ నచ్చింది.

ఆ గీకుళ్ళు మాత్రం గీకుళ్ళే. నవంబరు మూడుకి ఎదురింటావిడ ఇలా గీకింది: ‘రెన్స్కే, పుట్టినరోజు శుభాకాంక్షలు. మొన్న నీ సూపు గురించి అన్నమాటకి ఏమీ అనుకోకు, కానీ ఉప్పు ఎక్కువే. మా అమ్మకి గురువారం మోకాలి ఆపరేషన్. నీ మొగుడు సైకిల్ మా గోడకి ఆనిస్తున్నాడు, కొంచెం చెప్పు. నువ్వు మంచిదానివి.’ అలాంటివి ఇరవయ్యారు వచ్చాయి. రెన్స్కే రెండు సాయంత్రాలు కూర్చుని ఇరవయ్యారింటికీ జవాబు గీకింది. మొగుడి సైకిల్ సంగతి కూడా.

మూడేళ్ళు తిరిగేసరికి జనం ఒక్కొక్కరే లేచి నీలంరంగు సైటుకి పోవడం మొదలుపెట్టారు. రెన్స్కే కూడా పోయింది. అక్కడ పూలూ లేవు, పాటా లేదు, అందరి పేజీ ఒకేలా ప్రభుత్వ దరఖాస్తులా ఉంది. ఆమె కంప్యూటర్లో అది ఇంగ్లీషులో తెరుచుకుని, పుట్టిన తేదీ అడిగింది. రెన్స్కే పుట్టినప్పటినుంచీ ఉన్న అలవాటు ప్రకారం ముందు 3, తరవాత 11 కొట్టింది. నెలని ముందు రాసి రోజుని వెనక రాసే జనం కూడా భూమ్మీద ఉన్నారని ఆమెకి తట్టలేదు. డచ్చివాళ్ళెవరికీ తట్టదు. సంవత్సరం మాత్రం ఎవరికీ కనపడకుండా దాచింది. ముప్పయ్యైదు దగ్గరపడుతోంది కదా, ఆ జాగ్రత్త మాత్రం తప్పలేదు.

అలా ఆమె మార్చి పదకొండున ఇంకోసారి పుట్టింది.

మొదటి మార్చిలో విడాకుల గొడవలో ఉండి ఎవరేం పంపారో చూసుకోలేదు. ఆ అక్టోబరులో సామాను సర్దుకుని మెప్పెల్‌కి వచ్చేసింది. ఊరి పేరులో మెప్పు ఉందే కానీ ఆ ఊళ్ళో ఎవరూ ఎవర్నీ ఓ పట్టాన మెచ్చుకోరు. అయిదు నెలల్లో ఆమె ఇంటి గంట నొక్కింది పార్సిల్ వాళ్ళు, కరెంటు మీటరు చూసేవాళ్ళు, దేవుడి పుస్తకాలు పంచేవాళ్ళు. బుధవారాల్లో ఆడవాళ్ళ నడక గుంపులో చేరి, వెనకాల నడిచి, ఇంటికొచ్చి, వాళ్ళందర్నీ నీలం సైటులో చేర్చుకుంది. అంతే.

రెండువేల పదకొండు మార్చి పదకొండు, శుక్రవారం సాయంత్రం, గంట మోగింది. తలుపు తీస్తే నడక గుంపులోని ఆరుగురు, కాగితం టోపీలు పెట్టుకుని ఒకటే పాట. ముందు నిలబడ్డది మార్లూస్, భుజాలు వెడల్పు, గొంతు ఇంకా వెడల్పు. చేతిలో యాపిల్ కేకు.

“చెప్పకుండా తప్పించుకుందామనుకున్నావా?” అంది మార్లూస్. “ఫోనుంది నాకు! పొద్దున్నే చెప్పేసింది. జరుగు, కేకు వేడిగా ఉంది, చెయ్యి కాలుతోంది.”

రెన్స్కే నోరు తెరిచింది. ‘ఇవాళ కాదు’ అన్న రెండు ముక్కలు నాలిక చివరిదాకా వచ్చాయి. ఆరుగురి బూట్లూ అప్పటికే గుమ్మంలో విప్పేసి ఉన్నాయి.

“అరె, గుర్తుపెట్టుకున్నారే!” అంది రెన్స్కే. చాకు తెచ్చింది.

ఆ తరవాత ప్రతి మార్చిలోనూ వాళ్ళు వచ్చారు. ప్రతి ఏడాదీ నిజం చెప్పడం ఇంకో ఏడాది కష్టమైంది. అసలు రోజున రెన్స్కే వాళ్ళక్కకి ఫోన్ చేసి, ఒక ముక్క పేస్ట్రీ కొనుక్కుని, కాళ్ళు తొట్టిలో పెట్టుకుని కూర్చునేది. పెద్ద బాధేం లేదు. మార్చిలో నూటనలభై మంది శుభాకాంక్షలు చెప్పాక నవంబరులో ఒక్కరు చెప్పినా సరిపోతుంది.

కానీ ఆ నూటనలభై అలాగే ఉండలేదు. ముందు ఉత్తరాలు పోయాయి. ఉప్పు సంగతీ మోకాలి సంగతీ ఎవరూ రాయడం లేదు, ‘శుభాకాంక్షలు, రోజంతా బాగా గడుపు’ అన్న ఒకే వాక్యం నూటనలభైసార్లు. తరవాత ఆ వాక్యంలో రెండో సగం పోయింది. తరవాత ‘శుభాకాంక్షలు’ అన్న మాటనే మధ్యకి కోసి తల పంపించి తోక ఉంచుకున్నారు. తరవాత మాట కూడా పోయి బెలూన్ వచ్చింది. తరవాత బొటనవేలు. మనుషులు ఒక్కొక్కరే ఆ సైటు మానేశారు. మానేసినట్టు ఎవరికీ చెప్పలేదు, వెళ్ళడం మానేశారంతే. రెన్స్కే తెరిస్తే ఇప్పుడందులో తెలిసిన మొహం ఒక్కటి కనపడదు. ఏ దేశమో తెలియని ఒకాయన బురదలో ముంచి తీసినట్టున్న తివాచీలు కడుగుతుంటాడు. ఒకరోజు నలభై నిమిషాలు చూసింది. మట్టంతా పోయి చివరికి తివాచీ నీలంగా తేలేసరికి ఆమెకి కళ్ళు చెమర్చాయి కూడా. స్నేహితుల పుట్టినరోజులకి ఈమధ్య ఆమె అంతగా చలించింది లేదు.

ఇక ఈ ఏడాది మార్చి పదకొండుకి వచ్చినవి మూడు. ఒకటి పళ్ళ డాక్టరు ఆఫీసులోని కంప్యూటరు నుంచి. ఒకటి కెనడాలో ఉన్న పిన్ని కొడుకు నుంచి, తనకి తోచినప్పుడు. మూడోది పదమూడో తేదీన మార్లూస్ నుంచి: ‘అయ్యో, టాయిలెట్‌లో ఫిబ్రవరి పేజీ తిప్పడం మర్చిపోయాం. లేటుగా శుభాకాంక్షలు.’ పక్కన బెలూన్.

కేకు లేదు. ఫోన్లు గుర్తుచెయ్యడం మానేశాక నడక గుంపులో మిగతావాళ్ళకి మార్చి పదకొండు మామూలు సోమవారమైపోయింది. రెండు పుట్టినరోజులున్న మనిషికి చివరికి ఒక్కటీ మిగల్లేదు.

సెప్టెంబరులో వాళ్ళక్క ఖెర్డీన్‌కి ఫోన్ చేసింది. ఖెర్డీన్ ఉండేది దేశానికి ఆ చివర, మాస్త్రిక్ట్‌లో. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైంది. ఇప్పుడు చెల్లెలికి చెబుతుంది.

“అక్కా, సారా నువ్వు పెట్టరాదూ?”

“నేనా? మాస్త్రిక్ట్ నుంచి మూడు గంటలు రైల్లో నిలువెత్తు బొమ్మని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని రానా? దానికి కూడా టికెట్ చూపించమంటారే. అయినా అక్క పెడితే అది సారా కాదు, జాలి.”

“వాళ్ళకి తేదీ తెలీదక్కా.”

“తెలియనిచ్చావా నువ్వు? పదమూడేళ్ళు మార్చి కేకులు మింగినదానివి. ఇప్పుడు నోరు తెరిచి చెప్పు.”

“ఎలా చెప్పను?”

“డచ్చిలో చెప్పు. వాళ్ళకి అర్థమవుతుంది.”

“నీకన్నీ వేళాకోళమే. జనం మారిపోయారు. ఇదివరకు ఎంతెంత రాసేవాళ్ళు! ఇప్పుడొక బెలూన్ పడేస్తారు.”

“మే ఇరవైన నా పుట్టినరోజుకి నువ్వేం పంపావే?”

రెన్స్కే ఆలోచించింది. ఆలోచించకుండా ఉంటే బాగుండేది.

“బెలూన్,” అంది ఖెర్డీన్. “ఒక్కటి. అదీ మర్నాడు. పెట్టేస్తున్నా, పొయ్యి మీద బంగాళాదుంపలు ఉన్నాయి.”

నిజం చెప్పడం కాక ఇంకేదైనా దారి ఉందేమోనని రెన్స్కే సెప్టెంబరంతా వెతికింది. అక్టోబరు మొదట్లో శ్రీమతి టిసింగ్ గారి పాదం ఒళ్ళో పెట్టుకుని ఉండగా ఆ దారి దొరికింది. టిసింగ్ గారికి ఎనభయ్యెనిమిదేళ్ళు, చెవులు సగం, నోరు మొత్తం. కాళ్ళు పట్టేవాళ్ళ దగ్గర ఎవరూ ఏమీ దాచరు. ఆ రోజు మాత్రం కాళ్ళు పట్టేమనిషే కథంతా చెప్పుకుంది.

“ఇంతేనా పిల్లా?” అందావిడ. “ఈ వీధిలో తొమ్మిది టాయిలెట్లలో ఉంది నా పేరు. అందులో నాలుగు నా చేతిరాతే.”

“అమ్మగారూ! మీరే రాసుకున్నారా?”

“మరి? వాళ్ళకెప్పుడు తోచాలి, వాళ్ళెప్పుడు రాయాలి? లోపలికెళ్ళాను, కూర్చున్నాను, రాశాను, వచ్చాను. ఏడాది తిరిగేసరికి నలుగురూ పువ్వులు తెచ్చారు. ‘మీ పుట్టినరోజు మాకెప్పుడూ గుర్తే’ అని కూడా అన్నారు.”

“అది దొంగతనం కదండీ?”

“దొంగతనమంటే ఎత్తుకుపోవడం. నేను పెట్టి వచ్చాను. ఆ చిటికెనవేలు మెల్లగా, నొప్పి.”

మరుసటి బుధవారం నడక అయ్యాక మార్లూస్ ఇంట్లో కాఫీ. రెన్స్కే తను కాళ్ళు చూసే ముసలివాళ్ళ కార్డులు రాసుకునే పెన్ను చొక్కా చేతిలో దాచుకుని టాయిలెట్‌లోకి వెళ్ళింది. ముందు మార్చి పేజీ. పదకొండు పక్కన మార్లూస్ పెద్ద పెద్ద అక్షరాలు: ‘రెన్స్కే (75?)’.

రెన్స్కే ఆ ప్రశ్నార్థకం కేసి చాలాసేపు చూసింది. తను పుట్టింది డెబ్భై నాలుగులో. మార్లూస్ లెక్క ప్రకారం తనకి యాభై వచ్చే మార్చికి. అంటే నోరు మూసుకుంటే చాలు, మార్చిలో సారా వస్తుంది, పైగా నాలుగు నెలలు చిన్నదైపోతుంది. ఇంత చవకగా వయసు తగ్గే అవకాశం మళ్ళీ రాదు. ఆమె నిజంగానే ఊగిసలాడింది. కానీ మార్చిలో తన ఇంటి ముందు మెడలో అట్ట వేసుకుని ఆ ముసలమ్మ నిలబడితే, వీధంతా వచ్చి అభినందిస్తుంటే, ఇన్నాళ్ళూ నాలుగ్గోడల మధ్య తిన్న కేకు కాదది, బొమ్మ పెట్టి మరీ ఊరికి చాటే అబద్ధం. యాభై ఒక్కసారే వస్తుంది. అదైనా అది వచ్చిన రోజున రానీ.

నవంబరు పేజీ ఎత్తింది. రెండో తేదీన మార్లూస్ అత్తగారు. ఏడో తేదీన పాత కుక్క, పేరు కొట్టేసి ఉంది. మూడు ఖాళీ. గోడకి ఆనించి, నాలిక కరుచుకుని, మార్లూస్ రాతలా పెద్దగా రాయబోయి చివరికి ధైర్యం చాలక చిన్నగా రాసింది: ‘రెన్స్కే. 74’.

“ఏమే, లోపల పడిపోయావా?” మార్లూస్ బయటనుంచి తలుపు మీద కొట్టింది. “మాక్కూడా కావాలి!”

“వస్తున్నా, వస్తున్నా!” అని రెన్స్కే అవసరం లేకపోయినా నీళ్ళు వదిలి బయటికొచ్చింది. మొహం కందగడ్డలా ఉంది.

“ఒంట్లో బాలేదా?”

“బానే ఉంది. కాఫీ ఎక్కువైంది.”

అక్టోబరు ఇరవయ్యారు శనివారం మార్లూస్ మొగుడు హెంక్ పుట్టినరోజు. గోడల వెంబడి కుర్చీలు గుండ్రంగా వేశారు. వచ్చిన ప్రతివాళ్ళూ చుట్టూ తిరిగి అందరికీ చెయ్యి కలిపి అభినందించాలి, పుట్టినరోజున్నవాడికే కాదు. రెన్స్కే కూడా తిరిగింది: “మీ అబ్బాయి పుట్టినరోజు, శుభాకాంక్షలండీ.” “మీ పక్కింటాయన పుట్టినరోజు, శుభాకాంక్షలు.” చివరికి మార్లూస్ ముందుకొచ్చి, “మీ ఆయన పుట్టినరోజు, శుభాకాంక్షలు” అంది. మార్లూస్ చెయ్యి ఇచ్చింది కానీ మొహం ఇవ్వలేదు.

కేకు అయ్యింది. కాఫీ రెండో విడత అయ్యింది. జున్నుముక్కల పళ్ళెం తిరిగింది. అప్పుడు మార్లూస్ లేచి వెళ్ళి, టాయిలెట్ గోడ మీది క్యాలెండర్‌ని మేకుతో సహా పీక్కొచ్చి, పళ్ళెం పక్కన పెట్టింది.

“మా ఇంట్లో ఎవరో దొంగరాత రాశారు,” అంది.

“నేను కాదు,” అన్నాడు హెంక్. “నాకు నా పుట్టినరోజే గుర్తుండదు.”

“నువ్వు కాదని తెలుసు, నీకు రాయడం రాదు. మీ అమ్మ తేదీ చూద్దామని పేజీ ఎత్తితే ఇది కనపడింది. నవంబరు మూడు. ‘రెన్స్కే, డెబ్భై నాలుగు’. నవంబరులో రెన్స్కే ఎవరు మనకి?” గుండ్రంగా ఉన్న పన్నెండు కుర్చీల్లో పదకొండు జతల కళ్ళు పన్నెండో కుర్చీ వైపు తిరిగాయి. ఆ ఊళ్ళో ఇంకో రెన్స్కే లేదు.

“నేనే రాశాను,” అంది రెన్స్కే. కాఫీ కప్పులోకి చూస్తూ అంది.

“నీ తేదీ మార్చి పదకొండు కదే!”

“కాదు. నవంబరు మూడు. సైటులో తలకిందులుగా కొట్టాను.”

“ఎప్పుడు?”

“రెండువేల తొమ్మిదిలో.”

హెంక్ నవ్వడం మొదలుపెట్టాడు. జున్నుముక్క గొంతులో అడ్డం పడి దగ్గాడు, దగ్గుతూ నవ్వాడు, పక్కనున్న వాళ్ళమ్మ అతని వీపు మీద చరిచింది. మార్లూస్ నవ్వలేదు.

“పదమూడు మార్చిలు,” అంది. “యాపిల్ కేకు నేనే చేసేదాన్ని. ఒక ఏడాది మంచులో సైకిల్ మీద వచ్చాను. కాలవ ఒడ్డున జారిపడ్డాను. ఆరువారాలు మణికట్టుకి కట్టు. నా మణికట్టు దేనికోసం విరిగిందే? ఏమీ కాని రోజు కోసం విరిగింది!”

“మార్లూస్, ఆ రోజు తలుపు తీస్తే మీరు ఆరుగురున్నారు. అయిదు నెలల్లో నా గడప తొక్కిన మొదటి మనుషులు. ‘ఇవాళ కాదు, ఎనిమిది నెలలాగి రండి’ అని తలుపెయ్యనా?”

“వెయ్యాలి!” అంది మార్లూస్. “వేసి ఉంటే నవంబరులో మళ్ళీ వచ్చేవాళ్ళం కదే! రెండుసార్లు వచ్చేవాళ్ళం! నువ్వేమో చెప్పకుండా, ఇన్నేళ్ళూ నవంబరు మూడున ఏం చేసేదానివి?”

“పేస్ట్రీ తినేదాన్ని.”

“ఒక్కదానివా?”

ఒక కుర్చీలోంచి ఎవరో “అయ్యో” అన్నారు, ఇంకో కుర్చీలోంచి ఎవరో “ఆ పేస్ట్రీ ఏ బేకరీది?” అన్నారు. హెంక్ వాళ్ళమ్మ లేచి, ఏం చెయ్యాలో తోచక, అందరికీ ఇంకో విడత కాఫీ పోసింది.

“వచ్చే మార్చికి సారా బొమ్మ మాట్లాడి పెట్టాను,” అంది మార్లూస్. “గాలి కొట్టేది, రెండున్నర మీటర్లు. ఇప్పుడు దాన్నేం చెయ్యను?” క్యాలెండర్ తీసుకుని టాయిలెట్ వైపు నడిచింది. మళ్ళీ మేకు కొడుతున్న చప్పుడు హాలంతా వినపడింది, అవసరానికి మించి నాలుగు దెబ్బలు ఎక్కువ.

రెన్స్కే కోటు తొడుక్కుంది. మార్లూస్ గుమ్మం దాకా వచ్చింది, అలవాటు కొద్దీ.

“నవంబరు మూడు ఆదివారం,” అంది. “నాకు వేరే పనుంది.”

“సరే,” అంది రెన్స్కే.

ఆ వారం ఆమె కాళ్ళ పని కాళ్ళ పనిలాగే చేసింది. నడకకి వెళ్ళలేదు. సైటులోకి వెళ్ళి తేదీ దిద్దాలనుకుంది. దిద్దితే ఎవరికి కనపడుతుందని ఆగింది. చివరికి దిద్దింది. ఎవరికీ కనపడలేదు.

ఆదివారం ఏడున్నరకి లేచింది. కిటికీ దగ్గరికి వెళ్ళకుండా ముందు పళ్ళు తోముకుంది, కాఫీ పెట్టింది, మంచం సర్దింది. ఇంక చెయ్యడానికేమీ లేక వెళ్ళి చూసింది. ఇంటి ముందు నాలుగడుగుల తోట. ఎండిపోయిన పువ్వుల పొద, తన సైకిల్, చెత్తడబ్బా. ముసలమ్మ లేదు. వీధి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసింది, ఒకవేళ ఇంటి నంబరు పొరపాటుపడ్డారేమోనని. లేదు.

ఎనిమిదింటికి ఖెర్డీన్ ఫోన్ చేసి మొత్తం పాట పాడింది, రెండో చరణంతో సహా.

“వచ్చిందా?”

“రాలేదక్కా.”

అవతల బీరువా తలుపు తీసిన చప్పుడు వినపడింది.

“నేను పదకొండు రైలుకి వస్తున్నా,” అంది. “ఆ పేస్ట్రీ తినకుండా ఉంచు.”

ఫోన్ పెట్టేశాక రెన్స్కే దాన్ని తిరగేసి బల్ల మీద పెట్టింది. తొట్టిలో వేడినీళ్ళు పోసింది, కాళ్ళు పెట్టింది. ‘చెప్పాను కదా, చెప్పడం వరకే నా పని’ అని తనకి తాను రెండుసార్లు చెప్పుకుంది. రెండోసారి కూడా నమ్మలేదు.

తొమ్మిదీ ముప్పావుకి వీధిలో ఏదో ఈడుస్తున్న చప్పుడు, దానితోపాటు తిట్లు. ఆ గొంతు గోడలకి కూడా తెలుసు. రెన్స్కే తడికాళ్ళతో పరిగెత్తుకెళ్ళి తలుపు తీసింది.

మార్లూస్ ముందు తొట్టి ఉన్న సామాను సైకిల్‌ని గేట్లోకి తోస్తోంది. తొట్టిలోంచి రెండు కాళ్ళు పైకి లేచి ఉన్నాయి, గీతల మేజోళ్ళతో. వెనకాల హెంక్ చంకలో తల పట్టుకుని నడుస్తున్నాడు. ఆ తలకి ఒకటే కన్ను కుట్టి ఉంది.

“వారం రోజుల ముందు చెప్తే బొమ్మలెక్కడ దొరుకుతాయే?” అంది మార్లూస్ పలకరింపుగా. “అద్దె బొమ్మలన్నీ పోయాయి. గాలిది మార్చికి తప్ప ఇవ్వనన్నాడు కొట్టువాడు. యాభయ్యేళ్ళ కింద నవంబరులో ఈ చుట్టుపక్కల జనానికి పిల్లల్ని కనడం తప్ప వేరే పనేం లేదా? నిన్నంతా కుడుతూనే ఉన్నాను, చేతులింకా కూరలేదు. నిలబడి చూస్తావేం?”

“నేను చూడకూడదు కదా?” అంది రెన్స్కే.

“చూడకు. కళ్ళు మూసుకుని ఈ కాలు పట్టుకో.”

రెన్స్కే కాలు పట్టుకుంది. పట్టుకోగానే కళ్ళు తెరిచింది. “మార్లూస్, రెండూ ఎడమ కాళ్ళే.”

“ఎవరు చూస్తారు!”

“నేను చూస్తాను. బొటనవేలు ఈ పక్కకి రావాలి. ఇటివ్వు.” ఆమె మెట్టు మీద కూర్చుని మేజోడు విప్పి, పేపరు ఉండలు బయటికి లాగి, సారా పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ మొదట్నుంచీ కూరడం మొదలుపెట్టింది. హెంక్ పేపర్లు నలిపి ఆమె చేతికి అందిస్తున్నాడు. మార్లూస్ గౌను చేతుల్లోకి కసిగా గడ్డి దోపుతోంది.

ఎదురు వీధిలోంచి చర్చికి పోతున్న సైకిళ్ళు నాలుగు నెమ్మదించాయి. ముందున్న పెద్దాయన ఒక కాలు నేల మీద ఆనించాడు. “ఎవరికండీ యాభై?”

హెంక్ నోరు తెరిచాడు. మార్లూస్ మోచేత్తో పొడిచింది. ఇద్దరూ రెన్స్కే వైపు చూశారు.

“నాకే!” రెన్స్కే అరిచింది, వీధి చివరిదాకా వినపడేలా. “ఇవాళే! నవంబరు మూడు!”

“శుభాకాంక్షలు!” అని పెద్దాయన టోపీ ఎత్తాడు. తరవాత పద్ధతి ప్రకారం మార్లూస్ వైపు తిరిగాడు. “మీ స్నేహితురాలికి యాభై, మీక్కూడా శుభాకాంక్షలండీ!”

“నాకొద్దు,” అంది మార్లూస్, దారం పళ్ళతో తెంపుతూ. “దీనితో నేనింకా మాట్లాడటం లేదు. రెన్స్కే, ఆ రెండో కన్ను ఎక్కడ పడిందో చూడవే!”